చిరిగిన నోటుకు ఎంత వస్తుంది? స్కేలు పెట్టి మీరే చూసుకోండి



మన గుంపుకు వచ్చే ప్రశ్నల్లో పాల రోగం, సున్నపుకట్టు రోగం, గూళ్ల ధర, ఇవే ఎక్కువ. ఈ మధ్య ఒక అక్క వేరే రకం ఫొటో పెట్టింది. ఎలుక మూల కొరికేసిన ఐదు వందల నోటు. కింద ఒకే మాట: "ఇది చెల్లుతుందా?" దానికి వచ్చిన జవాబులు చూస్తే మాకే భయమేసింది. ఒకరు చెల్లదు పారేయమన్నారు. ఇంకొకరు సంతలో మార్చే మనిషి ఉన్నాడు, మూడొందలు ఇస్తాడన్నారు. మూడో ఆయన అయితే రాత్రిపూట పెట్రోలు బంకులో మడిచి ఇచ్చేయమని సలహా ఇచ్చినాడు. ఒక్కరు కూడా బ్యాంకుకు పొమ్మనలేదు. అందుకే ఈసారి సంచిక మొత్తం దీనికే ఇస్తున్నాము.

గూళ్లు అమ్మిన దుడ్లు ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ మార్కెట్లలో నేరుగా ఖాతాలో పడుతున్నాయి, నిజమే. అయినా మన పనిలో చేతి రొక్కం తగ్గిందా? ఆకు తక్కువైతే పక్క తోటలో బండి ఆకు కొంటాము. ఆకు కోసేవాళ్లకు, గూళ్లు విడిపించేవాళ్లకు సాయంత్రానికి కూలి ఇయ్యాల. ఆటో అతనికి ఇయ్యాల. వారం పదిరోజులకు సరిపడా రొక్కం ఇంట్లో పెట్టుకుంటాము. పెట్టేది ఎక్కడ? చాలామంది ఇళ్లలో పురుగుల షెడ్డులోనే, అటక మీదనో, గోడలో గూటిలోనో, రేకు డబ్బాలోనో.

నోటుకు అంతకన్నా చెడ్డ చోటు లేదు. చాకీ పురుగులకు గాలిలో తేమ ఎనభై, తొంభై శాతం ఉండేటట్టు మనమే చూస్తాము. ఆ తేమ నోట్లకూ పడుతుంది, కట్ట కట్టగా అంటుకుంటాయి. పంట అయినాక షెడ్డు కడిగే బ్లీచింగు నీళ్లు పడితే రంగు పోతుంది. చలికాలంలో వేడికి పెట్టే బొగ్గుల కుంపటి పక్కన ఉంటే అంచులు మాడుతాయి. ఎలుకలు, చెదల సంగతి చెప్పనే అక్కర లేదు. నోటు కాగితం కట్టెతో చేసేది కాదు, నూటికి నూరు పాళ్లు పత్తి. అందుకే చొక్కా జేబులో ఉతికినా బతుకుతుంది. అయితే చెదకు, నిప్పుకు, క్లోరిన్‌కు పత్తి అయినా ఒకటే.

ముందు చట్టం ఏమంటుందో వినండి, కొంచెం చేదుగా ఉంటుంది. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలో 28వ సెక్షను ఉంది. పోయిన నోటుకు, దొంగలెత్తుకుపోయిన నోటుకు, చిరిగిన నోటుకు విలువ ఇమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదని అది చెబుతుంది. కానీ అదే సెక్షనులో, దయతో ఏయే నోట్లకు విలువ తిరిగి ఇయ్యవచ్చో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టుకోవచ్చని కూడా ఉంది. ఆ నియమాలే 2009 నోట్ రీఫండ్ రూల్సు. 2018 సెప్టెంబరులో వాటిని మార్చినారు. పేరుకు దయ అయినా, రూలు రాసి పెట్టినాక కౌంటరులో కూర్చున్న మనిషి ఇష్టానికి వదిలింది ఏమీ లేదు. ఎంత ముక్క మిగిలితే ఎంత ఇయ్యాలనేది చదరపు సెంటీమీటర్ల లెక్కలో ఉంది. ఆ లెక్క తెలియకనే మన దుడ్లు సంతలో మనిషి జేబులోకి పోతున్నాయి.

బ్యాంకు భాషలో పాడైన నోటు మూడు రకాలు. మాసిపోయింది ఒకటి. వాడి వాడి నల్లగా అయినవి ఇందులోకి వస్తాయి. సరిగ్గా రెండు ముక్కలుగా చిరిగి, ఆ రెండూ అదే నోటువి అయ్యి, ఏమీ పోకుండా అతికించినవి కూడా ఇందులోనే. మధ్యకు చిరిగిన నోటు చూసి చాలామంది భయపడతారు. రెండు ముక్కలూ చేతిలో ఉంటే భయమే లేదు, మాసిన నోటు కిందే లెక్క, పూర్తి విలువ. రెండో రకం చిరిగిన నోటు, అంటే కొంత భాగం పోయినది, లేదా రెండు కన్నా ఎక్కువ ముక్కలైనది. మూడోది ముక్క పోకుండా రంగు పోయినది, కుంచించుకుపోయినది, అచ్చు చెరిగినది. మన బ్లీచింగు నీళ్ల నోటు ఈ మూడో రకం. అచ్చు మొత్తం కనబడకుండా పోలేదు, నోటు అసలైనదే అని అధికారికి నమ్మకం కుదిరితే దానికీ విలువ వస్తుంది. కాబట్టి రంగు పోయిందని పొయ్యిలో పడేయొద్దు.

ఇప్పుడు అసలు లెక్క, రెండో రకం నోటుది.

ఇరవై రూపాయలు, అంతకన్నా చిన్న నోట్లకు లెక్క సులభం. ఒకే ముక్కగా ఉన్న పెద్ద ముక్క సగం కన్నా ఎక్కువ ఉంటే పూర్తి విలువ, లేకుంటే సున్నా. వీటికి సగం విలువ అనే మాటే లేదు. కొత్త పది రూపాయల నోటు పొడవు 12.3 సెంటీమీటర్లు. అడ్డంగా చిరిగితే 6.2 దాటి మిగలాల.

యాభై, అంతకన్నా పెద్ద నోట్లకు మూడు మెట్లు. పెద్ద ముక్క నోటులో ఎనభై శాతం దాటితే పూర్తి విలువ. నలభై నుంచి ఎనభై వరకు ఉంటే సగం. నలభైకి తక్కువైతే ఏమీ రాదు. పాత కాషియర్లు కొందరు అరవై ఐదు శాతం అంటారు. అది 2018కి ముందు మాట. కొత్త నోట్లు సైజులో చిన్నవి అయినాక ఎనభై చేసినారు.

శాతం అంటే మనకు కళ్లకు కనబడదు, అందుకే స్కేలు తీయమంటున్నాము. కొత్త ఐదు వందల నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6. మొత్తం 99 చదరపు సెంటీమీటర్లు. పూర్తి విలువకు 80 కావాల, సగం విలువకు 40. నోటు అడ్డంగా తిన్నగా చిరిగి ఉంటే పొడవు చూస్తే చాలు. 12.2 సెంటీమీటర్లు ఉంటే ఐదు వందలు. దానికి తక్కువై 6.1 వరకు ఉంటే రెండు వందల యాభై. రెండు వందల నోటు పొడవు 14.6, దానికి ఈ గీతలు సుమారు 11.9 దగ్గర, 6 దగ్గర పడతాయి. ఊదా రంగు కొత్త వంద నోటు 14.2, దానికి 11.4, 5.8. గీతకు మరీ దగ్గరగా ఉంటే మన కొలత కన్నా బ్యాంకు కొలతే లెక్క, అది గుర్తుంచుకోండి. పాత వంద నోటు సైజు పెద్దది, 15.7కు 7.3, దానికి పూర్తి విలువ కావాలంటే 92 చదరపు సెంటీమీటర్లు మిగలాల. కొత్త నోటు కొలత పాతదానికి పెట్టి మోసపోవద్దు.

ఎలుక తిన్నగా కొరకదు కదా అంటారు. పిల్లల గ్రాఫు కాగితం తీసుకోండి, సెంటీమీటరు గళ్లది. మంచి నోటు పెట్టి చుట్టూ పెన్సిలు గీయండి, దాని మీద చిరిగిన నోటు పెట్టి పోయిన భాగం ఎన్ని గళ్లో లెక్కపెట్టండి. మన అక్క నోటులో పోయింది మూల దగ్గర నాలుగుకు మూడు, అంటే పన్నెండు గళ్లు. 99లో 12 తీస్తే 87. ఎనభై దాటింది, పూర్తి ఐదు వందలు. సంతలో అడిగిన ధర మూడొందలు! ఆకు కోసే మనిషి కష్టం ఎంతో మనకు తెలుసు, ఉత్త పుణ్యానికి రెండు వందలు పోయేది.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇంకో చోట. నియమం ఒకే ముక్కను చూస్తుంది, అన్ని ముక్కల మొత్తాన్ని కాదు. ఐదు వందల నోటు రెండు ముక్కలై, మధ్యలో కొంచెం పోయిందనుకోండి. రెండు ముక్కలూ అదే నోటువి, ఒక్కొక్కటి నలభై శాతానికి తగ్గకుండా ఉంటే ఒక్కొక్కటీ సగం చొప్పున మొత్తం ఐదు వందలు వస్తాయి. అదే నోటు మూడు సమాన ముక్కలైతే? ఒక్కొక్కటి ముప్పై మూడు శాతం. ఏ ముక్కా నలభై దాటదు. మూడు ముక్కలూ మీ చేతిలోనే ఉన్నా, నోటు మొత్తం ఉన్నా, రూలు ప్రకారం సున్నా. అందుకే రెండుగా చిరిగిన నోటును జేబులో వేసి తిప్పొద్దు, మడత పెట్టొద్దు, మూడో ముక్క కానీయొద్దు. కాగితాల మధ్య చదునుగా పెట్టి ఆ రోజో మరుసటి రోజో బ్యాంకుకు తీసుకుపోండి. గోందు, బంక, దళసరి టేపు వద్దు. నంబరు, అచ్చు కనబడేటట్టు ఉండాల. టేపు పీకేటప్పుడు చిరిగితే నష్టం మీకే.

ఏ బ్యాంకుకు పోవాల? మీకు దగ్గర ఉన్న ఏ బ్యాంకు శాఖకైనా సరే. ప్రభుత్వ బ్యాంకు, ప్రైవేటు బ్యాంకు, రెండూ మార్చాల్సిందే. స్మాల్ ఫైనాన్సు బ్యాంకులకు, పేమెంట్సు బ్యాంకులకు మాత్రం అది వాళ్ల ఇష్టం. అక్కడ మీకు ఖాతా ఉండాల్సిన పని లేదు. మాసిన, చిరిగిన నోట్లు ఇక్కడ మారుస్తామని బోర్డు పెట్టాలని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. ఒకసారి గోడల మీద చూడండి, చాలా చోట్ల ఉంటుంది, క్యాలెండరు వెనక దాక్కుని ఉన్నా సరే.

మాసిన నోట్లు రోజుకు ఇరవై వరకు, మొత్తం ఐదు వేల రూపాయల లోపు అయితే కౌంటరులోనే ఉచితంగా మార్చి ఇయ్యాల. అంతకన్నా ఎక్కువ తెస్తే రసీదు ఇచ్చి తర్వాత జమ చేస్తారు, అప్పుడు చార్జీ కూడా పడవచ్చు. చిరిగిన నోట్లు ఐదు లోపు అయితే మామూలుగా ఆ శాఖే కొలిచి కౌంటరులో ఇచ్చేయాల. వాళ్ల వల్ల కాకపోతే రసీదు ఇచ్చి కరెన్సీ చెస్టు ఉన్న పెద్ద శాఖకు పంపుతారు. దుడ్లు ఏ తేదీకి వస్తాయో రసీదు మీదే రాయాల, అది ముప్పై రోజులు దాటకూడదు. ఐదు కన్నా ఎక్కువ ఉంటే మీరే చెస్టు శాఖకు పోవడం మేలు. మీ జిల్లాలో చెస్టు ఏ శాఖలో ఉందో ఏ మేనేజరును అడిగినా చెబుతాడు.

కౌంటరులో "చిరిగిన నోటు మార్చండి సార్" అంటే కొన్ని చోట్ల తల అడ్డంగా ఊపి "ఆగదు", "ముడియాదు" అనేస్తారు. "నోట్ రీఫండ్ రూల్సు ప్రకారం కొలిచి చూడండి" అని అడగండి. కన్నడంలో అడిగినా, తమిళంలో అడిగినా, మరాఠీ, ఒడియాలో అడిగినా ఆ మూడు ఇంగ్లీషు మాటలు మాత్రం అట్లనే పలకండి. ఆ పేరు విన్నాక మాట తీరు మారుతుంది. నోటు వెనక భాషల పట్టీలో పదిహేను భాషలు ఉంటాయి. కన్నడం నాలుగో వరుస, తెలుగు కింద నుంచి రెండో వరుస. మన భాష ఆ నోటు మీద ఎక్కడికి పోయినా ఉంది, అడగడానికి మనకు మొహమాటం ఎందుకు.

కొన్ని నోట్లకు మాత్రం ఎంత అడిగినా రాదు. కావాలని కత్తిరించిన నోటుకు రాదు. పెద్ద ఎత్తున కత్తిరించిన నోట్లు తెస్తే పోలీసులకు చెప్పమని కూడా బ్యాంకులకు ఆదేశం ఉంది. రాజకీయ నినాదం గానీ, మత ప్రచారం గానీ రాసి ఉంటే రాదు. ఎన్నికల కాలంలో పార్టీ గుర్తు గీసిన నోట్లు, దేవుడి పేరు రాసి పదిమందికి పంపమనే నోట్లు తిరుగుతాయి. అవి తీసుకోవద్దు. ఊరికే పెన్నుతో లెక్క రాసి ఉంటే నోటు చెల్లుతుంది, అయినా కట్ట పైన నోటు మీద లెక్క రాసే అలవాటు మనమే మానుకోవాల. "పెయిడ్" అనో "రిజెక్ట్" అనో ముద్ర ఉన్న నోటును అంగట్లో ఎవరైనా ఇస్తే అక్కడే తిప్పి ఇచ్చేయండి. దాని లెక్క ఎప్పుడో ముగిసింది.

కుంపటికి మాడినవి, తేమకు ముద్దగా అంటుకుపోయినవి, పట్టుకుంటే పొడి పొడి అయ్యేవి మామూలు శాఖలు తీసుకోవు. తీసుకోకపోతే వాళ్ల తప్పు కాదు, వాటికి రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసులోనే వేరే పద్ధతి ఉంది. కోలారు, చిక్కబళ్లాపురం, రామనగరం వైపు వాళ్లకు బెంగళూరు నృపతుంగ రోడ్డులో ఉంది. హోసూరు, కృష్ణగిరి వాళ్లకు చెన్నై రాజాజీ సాలై ఆఫీసు ఉన్నా బెంగళూరే దగ్గర. ఒడిశా వాళ్లకు భువనేశ్వర్, మహారాష్ట్ర వాళ్లకు ముంబయి, నాగపూరు. పోయే ముందు ఫోను చేసి కౌంటరు వేళలు కనుక్కోండి. ఒక పూట కూలి పోగొట్టుకుని వెనక్కి రావడం ఎందుకు. అంటుకుపోయిన కట్టను విడదీయాలని నీళ్లలో నానబెట్టొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు. ఏ డబ్బాలో ఉందో ఆ డబ్బాతోనే, కింద పైన దూది పరిచి తీసుకుపోండి. మాడిన నోటులో ఎంత ముక్క ఒకటిగా నిలబడి ఉందనేదే వాళ్లు చూసేది.

అటక మీద రెండు వేల నోటు దొరికిన వాళ్లు కూడా మన గుంపులో ఉన్నారు. దాన్ని 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించినారు. చట్టం ప్రకారం ఇంకా చెల్లుతుంది, కానీ మామూలు బ్యాంకు ఇప్పుడు మార్చదు, రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసులే మారుస్తాయి. పోలేనివాళ్లు పోస్టాఫీసు ద్వారా పంపి ఖాతాకు జమ చేయించుకోవచ్చు. 2016 నవంబరులో రద్దయిన పాత ఐదు వందలు, వెయ్యి మాత్రం ఉత్త కాగితాలే, వాటిని మారుస్తామని ఎవరైనా కమీషను అడిగితే అది మోసం.

ఇక కూలి సంగతి. చేదుగా ఉన్నా చెబుతాము. మన చేతికి వచ్చిన చిరిగిన నోటును కూలి దుడ్ల మధ్యలో మడిచి పెట్టి ఇచ్చే అలవాటు మనలో ఉంది. గూళ్లు విడిపించే ఆమె చీకటి పడినాక లెక్క చూసుకుని ఇంటికి పోతుంది. పొద్దున్నే అంగట్లో ఆ నోటు తీసుకోరు. బ్యాంకుకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. కాబట్టి సంతలో మనిషికి ఇచ్చి వంద రెండు వందలు పోగొట్టుకుంటుంది. మనం ఎట్లాగూ ఖాతా పనికి, లోను పనికి బ్యాంకుకు పోతూనే ఉంటాము. ఆ రోజు ఆ నోటును చేత పట్టుకుని పోతే మనకు పోయేది అయిదు నిమిషాలు. మీ దగ్గర పనిచేసేవాళ్ల చేతిలో ఉన్న చిరిగిన నోట్లు కూడా అడిగి తీసుకుని మార్చి ఇయ్యండి, పంట పంటకూ వచ్చే చేయి అది.

బ్యాంకులో కొలవకుండానే లేదంటే ముందు మేనేజరును అడగండి. అక్కడా కాకపోతే తేదీ, కౌంటరు, నోట్ల నంబర్లు రాసి ఆ బ్యాంకుకే కాగితం మీద ఫిర్యాదు ఇయ్యండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి ఫీజు లేదు. వివరాలకు 14448కు ఫోను చేయండి. నోటును బ్యాంకుకు ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకుంటే ఈ పనంతా సులభం అవుతుంది.

రొక్కం పెట్టే చోటు గురించి రెండు మాటలు. షెడ్డులో వద్దు, నివాసం ఉండే ఇంట్లో పెట్టండి. మూత గట్టిగా పడే స్టీలు డబ్బా ఎలుకకు, చెదకు అందదు. లోపల ఒక గుడ్డ మూటలో గుప్పెడు ఎండిన బియ్యం వేస్తే తేమ లాగుతుంది. రబ్బరు బ్యాండు ఎండాకాలం కరిగి నోటుకు అంటుకుంటుంది, పేపరు పట్టీ చుట్టండి. పిన్ను కొట్టొద్దు, చిరగడం మొదలయ్యేది ఆ బెజ్జాల దగ్గరే. షెడ్డు కడిగే రోజు చొక్కా జేబు ఖాళీ చేసి పనిలోకి దిగండి.

మీ ఊరి బ్యాంకులో నోటు మార్చినప్పుడు ఎంత వచ్చింది, ఎన్ని రోజులు పట్టింది, గుంపులో వాయిస్ మెసేజి పెట్టండి. నోటు ఫొటో పెట్టేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి, కొలత చూసి ఎంత వస్తుందో మేము చెబుతాము.